ముప్పై దాటని డిష్

గనుల కొండ ఊరు పుకాపంపాలో సాన్ బార్తొలొమే పండగ. ఉదయం తొమ్మిదిన్నర. మున్సిపాలిటీ డాబా మీద ఒబ్దూలియా చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని అంకెలు అరుస్తోంది.

"ఇరవై మూడు!"

"ఇప్పుడు?"

"ఇరవై మూడే!"

"ఆగు, ఇటు తిప్పుతా. ఇప్పుడో?"

"ఇరవై రెండున్నర. తగ్గింది. నువ్వు తిప్పే కొద్దీ అది నిన్ను వెక్కిరిస్తోంది, ఇలారియోన్."

ఆమె భర్త ఇలారియోన్ తలెత్తలేదు. డిష్ ముందుకి చాచిన ఇనప చెయ్యి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేతి చివర తరంగాన్ని డిష్ మీదికి వదిలే బూరని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతున్నాడు. ఆగస్టు అక్కడ చలికాలం; గాలి గని కొండల మీంచి తిన్నగా వచ్చి అతని చెవులకి తగులుతోంది. అయినా ఆ చెవులు చలికి కాదు, సిగ్గుకి ఎర్రబడ్డాయని ఒబ్దూలియాకి తెలుసు. పదకొండేళ్ళుగా ఊరి టీవీ స్టేషన్‌కి ఉన్న ఒకే ఒక్క టెక్నీషియన్ అతను. ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పలేదు.

పరీక్ష అంటే పెద్ద విశేషం ఏమీ లేదు. ఆకాశంలో ఉపగ్రహం ఒకే దారిలో ఇద్దరి కార్యక్రమాలు మోస్తుంది. ఒకరి తరంగం నిలువుగా వెళుతుంది, ఇంకొకరిది అడ్డంగా. పెళ్ళయిన కొత్తలో ఇలారియోన్ ఆమె దువ్వెన తీసుకుని, దాని పళ్ళ సందుల్లోంచి కాగితం ముక్క దూర్చి చూపించాడు. నిలువుగా పెడితే దూరింది, అడ్డంగా పెడితే దూరలేదు. "మనది నిలువు. పక్కవాళ్ళది అడ్డం. మనం తిన్నగా నిలబడినంత సేపూ ఒకరికొకరం కనబడం. కాస్త ఒరిగామా, వెళ్ళి వాళ్ళ ఒళ్ళో పడతాం," అన్నాడు. ఎంత ఒరగకుండా నిలబడ్డామో చెప్పేదే ఆ అంకె. ముప్పై ఉంటేనే ఉపగ్రహ కేంద్రం వాళ్ళు తలుపు తీస్తారు. ముప్పై లేకపోతే లేదు.

"సెన్యోరా," అన్నాడు ఫోనులో ఉపగ్రహ కేంద్రం ఇంజినీరు బెలిసారియో. అతనిది కింద వేడి ప్రాంతం. మాట కూడా వెచ్చగా, తొందర లేకుండా ఉంటుంది. "మీ పక్క చానెల్లో ఒక పాస్టరుగారు ప్రసంగం చేస్తున్నారు. మీరు తిప్పినప్పుడల్లా ఆయన మొహం గళ్ళు గళ్ళుగా విడిపోతోందిట. ఇప్పటికే వాళ్ళ స్టేషన్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు."

"ఆయన్ని కాస్త ఓపిక పట్టమనండి, ఇంజినీరుగారూ. ఓపిక గురించే చెబుతుంటారు కదా."

"చెప్పాను సెన్యోరా. ఇవాళ ప్రసంగం నరకం గురించిట. పదీ నలభై అయిదుకి మీ అంకె ముప్పై దాటకపోతే మీ సమయం రద్దు చెయ్యాలి. నా చేతుల్లో లేదు."

పదకొండుకి ఊరేగింపు. ఊరేగింపు ముందు నడిచేది ఒబ్దూలియా తల్లి కసిమీరా.

ఈ ఏటి పండగ పెద్ద కసిమీరా. బ్యాండు మేళాన్ని కుదర్చడం, ఊరికి భోజనం పెట్టడం, నాట్యం చేసే నూట ఇరవై మందికీ ముందు నడవడం, అన్నీ ఆమె వంతు. ఆ వంతు కోసం ఏడేళ్ళు ఎదురు చూసింది. అయితే ఆమె అసలు చూపు ఊరి మీద లేదు, కొచబాంబా నగరంలో ఉన్న అక్క దెల్ఫీనా మీద ఉంది. దెల్ఫీనా పెళ్ళి చేసుకుని కొచబాంబా వెళ్ళి నలభై ఏళ్ళయింది. ఆ నలభై ఏళ్ళలో ఎప్పుడు పండగ మాట ఎత్తినా ఒకటే అనేది: "అక్కడ చూడ్డానికేముందే? దుమ్ము, ఆ దుమ్ములో నలుగురు."

మొన్న మార్చిలో భోజనాల బల్ల దగ్గర ఇలారియోన్ చారు గిన్నె కింద పెట్టి, "అత్తగారూ, ఈసారి మిమ్మల్ని దేశమంతా చూస్తుంది. దెల్ఫీనా పెద్దమ్మ సోఫాలో కూర్చుని చూస్తుంది. మాట ఇస్తున్నా," అన్నాడు. అంత పొడుగు మాట అత్తగారితో అతను ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసి, "సరే అల్లుడూ. చూద్దాం," అంది. కసిమీరా లెక్కలో అల్లుడి ఉద్యోగం పెద్ద పళ్ళేన్ని ఆకాశం వైపు పెట్టి, అందులో ఏమైనా పడుతుందేమో అని కూర్చోవడం.

అప్పటినుంచీ ఆ మాట ఏడుగురున్న ఇంట్లో ఎనిమిదో మనిషిలా తిరుగుతోంది. మాట నిలబడకపోతే వచ్చే పండగ దాకా కాదు, అందరి చావుల దాకా ఇలారియోన్ ఆ బల్ల దగ్గర తలెత్తలేడు. అత్తకీ అల్లుడికీ మధ్య కూర్చుని ఉప్పు అందించేది తనే. ఆ సంగతి ఒబ్దూలియాకి అందరికన్నా బాగా తెలుసు.

"ప్రసారం ఆపు," అన్నాడు ఇలారియోన్ లేచి. ఆమె మీట కిందికి నొక్కింది. మీట పైకి ఉన్నప్పుడు డిష్‌కీ బూరకీ మధ్యలోకి ఎవరూ వెళ్ళకూడదు, అది అతని మొదటి నియమం.

జేబులోంచి దారపు ఉండ తీసి డిష్ అంచు నుంచి అంచుకి ఒకటి, దానికి అడ్డంగా ఇంకొకటి బిగించి కట్టాడు. రెండు దారాలూ నడిమధ్యలో ముద్దు పెట్టుకున్నట్టు తగిలాయి. అంటే డిష్ ఎక్కడా వంగలేదు. రసమట్టం పెట్టి స్తంభం చూశాడు. నిటారుగా ఉంది. బోల్టులన్నీ బిగించి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా లేనిది అంకె ఒక్కటే.

"కోణం తప్పయితే తిప్పేకొద్దీ ఎక్కడో ఒకచోట అంకె పైకి లేవాలి," అన్నాడు గడ్డం గోక్కుంటూ. "ఇది ఎటు తిప్పినా ఇరవై మూడు దగ్గరే చతికిలబడింది. అంటే కోణం కాదు. ఇంకేదో ఉంది."

"బూర?"

అతను బూర మూతి తడిమి చూశాడు. ఆ బూర అతను స్వయంగా చేసింది. రెండేళ్ళ కింద వడగళ్ళు పడి కంపెనీ బూర సొట్టపోతే, గని వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద ఆరు ఆదివారాలు కూర్చుని అల్యూమినియం దిమ్మలోంచి చెక్కాడు. లోపల ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా కోసిన సన్నని గాళ్ళు, కోడి గొంతు లోపల ఉంగరాల్లా. తరంగం ఒరిగిపోకుండా పట్టుకునేవి ఆ గాళ్ళేనట. కిందటేడు పరీక్షలో ముప్పై మూడు వచ్చింది. ఆ రోజు ఇలారియోన్ బూరకి ముద్దు పెట్టడం ఒబ్దూలియా చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"బూర మూతి మీద ప్లాస్టిక్ పొర బిగుతుగానే ఉంది," అన్నాడు చివరికి. "చిరుగు లేదు. దుమ్ము లేదు."

అప్పుడే మెట్ల మీద గలగల వినిపించింది. ముందు టోపీ వచ్చింది, తర్వాత బంగారు సూది పెట్టిన శాలువా, తర్వాత ఆరు పావడాల మీద ఊదా రంగు పట్టు గాగరా, మెట్ల వెడల్పంతా తనే అయిపోయి కసిమీరా డాబా ఎక్కింది.

"ఏమైంది? కింద కెమెరా వాడు నన్ను చూసి ఆవలిస్తున్నాడు. పైన సిగ్నల్ లేదంటాడు."

"చిన్న అడ్డంకి, అత్తగారూ."

"నీ చిన్నది ఎంత పెద్దది?"

"ఏడు అంకెలు తక్కువ."

"బజారులో ఏడు తక్కువైతే మొహమాటపెట్టి తెచ్చుకోమా? ఫోను ఇలా ఇవ్వు." కూతురి చెవి నుంచి ఫోను లాక్కుంది. "ఎవరయ్యా నువ్వు? బెలిసారియోనా? ఏ ఊరు నాయనా? అమ్మా నాన్నా ఉన్నారా? మంచిది. చూడు, నా అల్లుడు మంచివాడు, మాట రాదు. నువ్వు ముప్పై అని రాసుకో, మేము ఇరవై మూడుతో సర్దుకుంటాం."

అవతల నుంచి సుదీర్ఘమైన మర్యాద వినిపించింది.

"పాస్టరుగారా? ఆయనకి మా బ్యాండు వినబడితే తప్పేంటి? ఆయనకీ పుణ్యం." మళ్ళీ విని, చెయ్యి ఫోనుకి అడ్డంపెట్టి కూతురితో అంది: "బాగా పెరిగిన పిల్లాడే. కానీ ఒట్టి రాయి, కరగడు."

ఒబ్దూలియా ఫోను వెనక్కి తీసుకుంటూ బూర వైపు చూసింది. ఉదయం నుంచి వందసార్లు చూసింది. కానీ ఇప్పుడు తల్లి పక్కన నిలబడి ఉండగా చూసింది. మూతి మీద ప్లాస్టిక్ పొర నున్నగా, ముడత లేకుండా బిగించి ఉంది. ముడత లేకుండా! ఇలారియోన్ నల్ల టేపు చుడతాడు, అది ఎప్పుడూ వంకరే. ఇప్పుడు ఆ నల్ల టేపు కింద ఒక ఎర్ర రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిరిగి, చివర లోపలికి దోపి ఉంది. మిరపకాయ పచ్చడి సీసాకి గుడ్డ మూత కట్టేటప్పుడు అలా చివర లోపలికి దోపే మనిషి ఆమెకి ప్రపంచంలో ఒక్కరే తెలుసు.

ఒబ్దూలియా తల్లి మోచెయ్యి పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది.

"అమ్మా. నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చావా?"

"ఎందుకు రాను? మున్సిపాలిటీ నీ ఒక్కదానిదా?"

"అమ్మా."

కసిమీరా టోపీ సవరించుకుంది. "ఆగస్టు నెల. భూతల్లి పచమామ నోరు తెరుచుకుని ఉండే నెల. ఇంటికి నైవేద్యం పెట్టాం, పొయ్యికి పెట్టాం, బ్యాండు వాళ్ళ డోళ్ళకి కూడా పెట్టాను. నన్ను దేశమంతా మోసుకెళ్ళేదాన్ని మాత్రం ఆకలితో వదిలెయ్యమంటావా? నీ మొగుడే చెప్పాడు, పళ్ళెం ఊరికే అద్దం లాంటిది, ప్రాణమంతా ఆ బూర మూతిలోనే ఉందని."

"డిష్ మీద నాలుగు చుక్కలు చల్లి రావొచ్చు కదా?"

"చల్లాను. కానీ మూతికి ప్లాస్టిక్ కట్టేశాడు నీ మొగుడు. నోరు కట్టేసిన దానికి ఎదురుగా కూర్చుని ఎలా తినిపిస్తాం? విప్పాను. నిన్న ఆ ఇనప చెయ్యి మడిచి పడుకోబెట్టి ఉంది కదా, నోరు పైకే ఉంది. సుఖంగా తాగింది. కాస్త బీరు, కాస్త ద్రాక్ష సారా. వెండి కాగితం పూలు గుప్పెడు. మళ్ళీ శుభ్రంగా రబ్బరు బ్యాండేసి కట్టి, పైన వాడి టేపే అంటించేశాను. వాడికన్నా శుభ్రంగా!"

"అది కనబడుతూనే ఉంది," అంది ఒబ్దూలియా.

ఇలారియోన్ ట్యాంకు ఇవతల నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు, అంతా విన్నాడు. అతని మొహంలోంచి ఆరు ఆదివారాలు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోవడం ఒబ్దూలియాకి కనబడింది.

"వెండి కాగితం," అన్నాడు మెల్లగా. "గాళ్ళలో."

"పూలు," అని దిద్దింది అత్తగారు.

"అత్తగారూ, ఆ గాడి ఒక్కొక్కటీ అరచెయ్యి మందం సూదితో కొలిచి చెక్కాను. అందులో బీరు ఎండి బంకయితే, ఆ బంకకి వెండి కాగితం అంటుకుంటే, తరంగం తిన్నగా ఎలా వెళుతుంది? తాగి నడిచినట్టే వెళుతుంది." అరచెయ్యి మందం సూది ఉండదని అతనికీ తెలుసు. మనిషి ఆ స్థితిలో ఉన్నాడు. "గొంతులో ఇంకో మూత ఉండబట్టి లోపలి మిషన్ బతికింది. విప్పి తీసేస్తాను. పావుగంట చాలు."

"తీసేస్తావా?" కసిమీరా గాగరా డిష్ వైపు దారికి అడ్డంగా పరుచుకుంది. "పెట్టింది తిరిగి తీసుకుంటావా? పచమామ నోట్లోంచి? కాగితం పూలు వాటంతట అవి రాలాలి. మా అమ్మ పెట్టినవి వంటింటి దూలానికి ఇంకా ఉన్నాయి. నా పండగ రోజున నోటి దగ్గర కూడు లాక్కుంటే నేను ఊరేగింపు ముందు నడవను. ఎవరైనా నడవండి."

"మీరు నడిచినా టీవీలో రారు కదా!"

"రాకపోతే రాను! దెల్ఫీనా నవ్వుతుంది. నవ్వనీ. కానీ పచమామ నవ్వకూడదు."

సమయం పదీ ఇరవై రెండు. ఇద్దరూ ఒబ్దూలియా వైపు చూశారు, రోజూ బల్ల దగ్గర చూసినట్టే. తల్లి న్యాయం కోసం, భర్త జాలి కోసం.

తల్లితో వాదించి గెలిచిన మనిషిని ఒబ్దూలియా పుట్టి చూడలేదు. కానీ తల్లి దేనికి ఓర్చుకోలేదో చూసింది. పక్కింటి పసిపిల్లాడి గడ్డం మీద జావ ఎండిపోయి ఉంటే, వాడి తల్లి ముందే చెంగు తడిపి తుడిచేసే మనిషి. శవయాత్రలో కూడా ఒకడి మీసాల మీద రొట్టె ముక్కలున్నాయని ఆపి తుడిచింది.

"అమ్మా," అంది మామూలు గొంతుతో. "నిన్న సాయంత్రం తినిపించావు. మరి మూతి తుడిచావా?"

"ఏంటి?"

"ఏం లేదు. తినిపించి, తాగించి, తుడవకుండా మూతి మీద గుడ్డ కట్టేసి వచ్చేశావా అని. రాత్రంతా అలాగే ఉందన్నమాట, అంటుకుపోయి. పాపం, పొద్దున్నించీ మాట రావట్లేదంటే ఎలా వస్తుంది మరి. పోనీలే, పండగ పనుల్లో మర్చిపోయుంటావు."

కసిమీరా మొహం మొదట తెల్లగా, తర్వాత ఊదాగా మారింది, దాదాపు గాగరా రంగుకి.

"నేనా? నేను తుడవలేదా?" అంది. బూర వైపు చూసింది. కూతురి వైపు చూసింది. కూతురు ఫోను తీగ సరిచేసుకుంటోంది. "చీకటి పడింది. గుడ్డ తేలేదు." చేతులు గాగరాకి తుడుచుకుంది. "దాని కడుపులోకి వెళ్ళింది వెళ్ళిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మూతి చుట్టూ మిగిలిందాన్ని తుడిస్తే అది లాక్కోవడం కాదు. అది శుభ్రం."

"అవును," అన్నాడు ఇలారియోన్ వెంటనే. జీవితంలో మొదటిసారి అత్తగారి మాట పూర్తికాక ముందే ఒప్పుకున్నాడు.

"నువ్వు నోరు మూసుకో అల్లుడూ. మెత్తటి గుడ్డ తీసుకురా. అది కాదు, అది గోనె. ఒబ్దూలియా, నీ తలగుడ్డ ఇవ్వు."

"ముందు ప్రసారం ఆగి ఉందో లేదో చూడు," అన్నాడతను భార్యతో, ఆ హడావుడిలోనూ.

"ఆగే ఉంది."

కసిమీరా శాలువా విప్పి కూతురి మీద పడేసి, జాకెట్టు చేతులు పైకి మడిచి, బోర్లించిన బీరు డబ్బా పెట్టె మీద కూర్చుంది. గాగరా చుట్టూ గొడుగులా లేచింది. టేపు ఊడదీసి, రబ్బరు బ్యాండు విప్పి ముంజేతికి వేసుకుంది. లోపలికి చూసి నాలుక కొరుక్కుంది. "అయ్యో తల్లీ. ఇదేం అవతారం."

పూజకి తెచ్చిన ద్రాక్ష సారా సీసా ఆమె పావడా జేబులోనే ఉంది. గుడ్డ చివర అందులో తడిపి, వేలికి చుట్టి మొదటి గాడి తుడిచింది. తర్వాత రెండోది. గుడ్డ చివర లావైతే జడలోంచి సూది తీసి దానికి గుడ్డ చుట్టింది. పక్కన కూర్చున్న ఇలారియోన్ రెండు చేతులూ గాల్లో ఉంచుకుని, పసిపిల్లని ఎవరో ఎత్తుకున్నప్పుడు తల్లి చూసినట్టు చూస్తున్నాడు.

"సూది గీసుకుంటుందేమో అత్తగారూ."

"నేను నీ పెళ్ళాం చెవులు ఇలాగే కడిగాను. గీసుకుందా?"

అయిదో గాడి దగ్గర ఆమె ఆగింది. "ఇవి ఎన్ని ఉన్నాయి?"

"తొమ్మిది."

"ఎవరు చేశారు?"

"నేనే."

ఆమె ఆరో గాడిని రెండుసార్లు తుడిచింది.

వచ్చిన వెండి ముక్కల్ని ఎక్కడా పారెయ్యలేదు. అరచేతిలో పోగుచేసి, డాబా మూల మేయర్‌గారి జెరేనియం కుండీలో వేలితో గుంట చేసి పాతిపెట్టింది. "నేలకే వెళ్ళాల్సింది. దారిలో ఆగింది, అంతే," అంది కుండీతో. మిగిలిన సారా కూడా అక్కడే పోసింది. మేయర్‌గారి జెరేనియం ఆ పండగంతా తలవాల్చి ఉందని తర్వాత చెప్పుకున్నారు.

పదీ ముప్పై ఎనిమిది. ఇలారియోన్ కొత్త పొర కట్టాడు. కట్టాక అత్తగారి వైపు చూశాడు. ఆమె ముంజేతి రబ్బరు బ్యాండు తీసి రెండు చుట్లు వేసి, చివర లోపలికి దోపింది. అతను టేపు చుట్టలేదు.

"అందరూ వెనక్కి. ప్రసారం."

ఒబ్దూలియా మీట ఎత్తింది. "ఇంజినీరుగారూ, ఉన్నారా?"

"ఉన్నాను సెన్యోరా. ఏడు నిమిషాలున్నాయి. మీ అంకె ఇరవై తొమ్మిది. ఏం చేశారు?"

"ఇరవై తొమ్మిది!"

ఇలారియోన్ బూరని గోరంత తిప్పాడు.

"ముప్పై ఒకటి!"

"అటే ఉంచండి," అన్నాడు బెలిసారియో. "కాదు, ఇంకొంచెం. ఆ. ఆగండి, పాస్టరుగారి మొహం ఒక్కటయిందిట."

"ముప్పై మూడున్నర!" అరిచింది ఒబ్దూలియా. గొంతు బొంగురుపోయింది.

ఇలారియోన్ బోల్టు బిగించాడు. లేచి నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"నివేదికలో కారణం రాయాలి సెన్యోరా," అన్నాడు బెలిసారియో. "లోపం ఎక్కడ దొరికింది?"

ఒబ్దూలియా తల్లి వైపు చూసింది. తల్లి అప్పటికే శాలువా బిగించి మెట్ల మీద ఉంది. "బూరలో, ఇంజినీరుగారూ. శుభ్రం చేశాం."

"దేంతో?"

"ద్రాక్ష సారాతో."

అవతల కాసేపు రాసుకుంటున్న చప్పుడు. "మంచిది," అన్నాడు. "పండగ బాగా జరుపుకోండి."

పదకొండుకి డోలు మోగింది. ఒబ్దూలియా డాబా గోడ మీంచి చూస్తే కింద వీధిలో తల్లి, పక్కన చిన్న తెర మీద మళ్ళీ తల్లి. తెర మీద తల్లి అర సెకను ఆలస్యంగా అడుగు వేస్తోంది, డోలు కూడా రెండోసారి మోగుతోంది. పైకి వెళ్ళి రావాలి కదా, అన్నాడు ఇలారియోన్. వెనక నూట ఇరవై మంది గిలక్కాయలు తిప్పుతూ వస్తుంటే కసిమీరా కెమెరా ముందుకి రాగానే కనీసం అటు చూడను కూడా చూడలేదు. గడ్డం ఎత్తి, ఆరు పావడాలూ ఒకేసారి గిర్రున తిప్పి, దాటి వెళ్ళిపోయింది. దెల్ఫీనా చూస్తోందని తెలిసిన మనిషి మాత్రమే అలా చూడకుండా ఉండగలదు.

మధ్యాహ్నం విందులో పంది మాంసం వడ్డిస్తుండగా ఫోను వచ్చింది. కసిమీరా చేతులు తుడుచుకుని, బల్ల దగ్గర అందరూ చూస్తుండగా, రిసీవరు అందరికీ వినబడేలా పట్టుకుంది.

"కసిమీరా!" దెల్ఫీనా గొంతు బల్ల చివరిదాకా వచ్చింది. "సిగ్గు లేదూ? దేశమంతా చూస్తుంటే మూడో పావడా అంచు కుట్టు ఊడి వేలాడుతోంది. ఎడమ వైపు, జానెడు. లేసు మాసిపోయింది కూడా. చూసుకోవా? మా వీధిలో అందరూ చూశారు!"

ఒబ్దూలియా వంగి పావడా అంచు చూసింది. డాబా మీద ఏ బోల్టుకో తగిలి ఊడి ఉంటుంది. ఇలారియోన్ ప్లేటు వైపు వంగిపోయాడు.

కసిమీరా ఫోను పెట్టేసింది. మొహం వెలిగిపోతోంది.

"విన్నారా?" అంది బల్ల మొత్తంతో. "మూడో పావడా! పైది కాదు, రెండోది కాదు. మూడోది! ఎడమ వైపు, జానెడు! కొచబాంబాలో కూర్చుని లేసు మాసిందని కనిపెట్టింది. నేను అద్దంలో చూసుకుంటే నాకే కనబడలేదు." అల్లుడి భుజం మీద చెయ్యి వేసి ఊపింది. "ఏమయ్యా, ఎంత వచ్చింది నీ బూరకి?"

"ముప్పై మూడున్నర, అత్తగారూ."

"ముప్పై మూడున్నర," అని ఆమె పక్కనున్న బ్యాండు పెద్దతో చెప్పింది, ఆయన అడక్కపోయినా.

ఒబ్దూలియా సూదీ దారం తీసుకుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని పావడా అంచు పట్టుకోబోయింది. కసిమీరా ఆమె చేతి మీద ఒకటి వేసింది.

"ఉండనీవే," అంది. "ఇంకా సాయంత్రం నాట్యం ఉంది. అదీ టీవీలో వస్తుంది."